సోమశిల ఒడ్డుకు సద్ది కట్టుకొని పోయేవాళ్లకు

సముద్రం మనకు లేదు. నాగర్‌కర్నూల్‌లో పుట్టి పెరిగిన నాలాంటివాడికి బీచ్ అంటే ఎప్పుడో కాలేజీ టూర్‌లో చూసిన విశాఖపట్నమే. కానీ కృష్ణ ఉంది. శ్రీశైలం ఆనకట్ట దగ్గర ఆగిన నీళ్లు వెనక్కి తన్నుకుంటూ కొల్లాపూర్ మండలం దాకా వచ్చి, సోమశిల ముందర పెద్ద చెరువులా పరుచుకున్నాయి. అవతల సిద్ధేశ్వరం గుట్టలు, అది ఆంధ్ర. ఇవతల గుడి, ఘాట్, చెట్లు, నాలుగు చేపల బండ్లు. ఆదివారం కాని రోజు చూసుకొని పోతే ఒడ్డున మనమూ మన సద్ది మూటా తప్ప పెద్దగా అలికిడి ఉండదు.

ఏటా మూడు నాలుగు సార్లు పోతుంటాను. చేయదగ్గ తప్పులన్నీ ఒకటొకటిగా చేసి ఉన్నాను కాబట్టి మీకు కొత్తగా చేయడానికి ఏమీ మిగల్లేదు. పోయేముందు మీరు తెలుసుకోవాల్సింది ఒకటే. సోమశిలలో ఒడ్డు ఒక్కచోట ఉండదు, నెలకో చోటికి జరుగుతుంది. పోయినసారి చాప పరిచిన చోటు ఈసారి నీళ్ల కింద ఉండొచ్చు, లేదా నీళ్లకు అర కిలోమీటరు దూరంలో ఉండొచ్చు. అందుకే ముందు నీళ్ల సంగతి చూసుకోవాలి, తర్వాత నీడ సంగతి. తిండి సంగతి ఆ రెండూ తేలాకనే.

పొద్దున్నే శ్రీశైలం మట్టం చూడండి

వానాకాలం, చలికాలం జిల్లా పేపర్లలో శ్రీశైలం నీటిమట్టం దాదాపు రోజూ వస్తుంది. పూర్తి మట్టం 885 అడుగులు. ఈ ఒక్క అంకె గుర్తుంటే సగం పని అయిపోయినట్టే. ఆ రోజు మట్టం 885కి దగ్గరగా ఉంటే సోమశిలలో నీళ్లు ఘాట్ మెట్ల దాకా నిండుగా ఉంటాయి, చెట్టు కింద కూర్చొని కాళ్లు చాపితే నది కనిపిస్తుంది. 850 దరిదాపులకు పడిపోయిందంటే నీళ్లు లోపలికి జరిగిపోయి మధ్యలో బురద నేల తేలుతుంది. చూడ్డానికి అదీ ఒక అందమే, కాకపోతే చిన్నపిల్లలను తీసుకొనిపోయే అందం కాదు.

మామూలుగా జూలై, ఆగస్టుల్లో పైనుంచి వరద మొదలవుతుంది. జూరాల గేట్లు ఎత్తారన్న వార్త వచ్చిందంటే ఆ నీళ్లు మన ముందుకే వస్తున్నాయని అర్థం. అలంపూర్ దగ్గర గొందిమళ్ల కాడ తుంగభద్ర కూడా కలుస్తుంది కాబట్టి ఆ రెండు నెలలూ నీళ్లు ఎర్రగా, చిక్కగా, చెత్తాచెదారంతో ఉంటాయి. అప్పుడు దూరం నుంచి చూసి రావడమే. 2009 అక్టోబరు వరదను కళ్లారా చూసినవాళ్లెవరూ వరద రోజుల్లో కృష్ణ ఒడ్డున చాప పరవరు.

నన్నడిగితే నవంబరు నడిమి నుంచి జనవరి ఆఖరు దాకా మంచి కాలం. మట్టి కిందికి దిగి నీళ్లు ఆకుపచ్చగా తేరుకుంటాయి, ఎండ కొరకదు, మట్టం ఇంకా బాగానే ఉంటుంది. ఫిబ్రవరిలోనూ పోవచ్చు. మార్చి దాటితే నీళ్లూ వెనక్కి పోతాయి, మనకూ తలకు గుడ్డ చుట్టుకోవడం తప్పదు.

ఒక మినహాయింపు ఉంది. వేసవిలో మట్టం బాగా తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి బయటపడుతుంది. సోమశిలకు అవతలి దిక్కున, ఏడు నదులు కలిసేచోటుగా చెప్పుకొనే ఆ గుడిలో వేపమొద్దు లింగం ఉంటుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలో నానుతూ, నీళ్లు తగ్గిన కొద్దికాలం మాత్రం పూజలందుకుంటుంది. దానికోసమే ఎండలో పోయేవాళ్లున్నారు. అది మొక్కు కిందికి వస్తుంది. మనం మాట్లాడుకుంటున్నది ఓ పూట హాయిగా కూర్చోవడం గురించి.

రోజు ఎంచుకోవడం

మంగళవారం నుంచి శుక్రవారం లోపు ఏదో ఒక రోజు. సోమవారం ఎందుకు వద్దంటే అది శివుడి వారం, సోమశిలలో ఉన్నది లలితా సోమేశ్వరస్వామి. కార్తీకమాసంలోనైతే సోమవారమే కాదు, నెలంతా సందడే. దీపాలు, స్నానాలు, ఉసిరిచెట్టు వెతుక్కుంటూ వచ్చే వనభోజనాల బృందాలు. శివరాత్రికి ఇక చెప్పేదే లేదు. జనం మధ్య జాతరలా తినడం మీకిష్టమైతే ఆ రోజులే మంచివి, నేను వద్దనను. మా అమ్మకు అట్లానే ఇష్టం. "ఒంటిగ కూసొని తింటే ముద్ద దిగుతదా?" అంటుంది. ఆమెను కార్తీకంలో ఒకసారి తీసుకొనిపోతాను, నేను మళ్లీ డిసెంబరులో ఒకసారి పోతాను. ఇద్దరికీ గొడవ లేదు.

సంక్రాంతి రోజుల్లో దారిలోని సింగోటంలో లక్ష్మీనరసింహస్వామి జాతర ఉంటుంది. జాతర చూడదలిస్తే సరే, లేదంటే ఆ వారం రోడ్డు మీద బండ్ల వెనక బండ్లు తప్పవు.

దారి

హైదరాబాద్ నుంచి సోమశిల 180 కిలోమీటర్ల పైమాట. శ్రీశైలం రోడ్డు పట్టుకొని ఆమనగల్లు, కల్వకుర్తి దాకా వచ్చి, అక్కడ నాగర్‌కర్నూల్ వైపు తిరగాలి. మహబూబ్‌నగర్ వాళ్లు భూత్పూర్, బిజినేపల్లి మీదుగా నాగర్‌కర్నూల్ చేరతారు. వనపర్తి వాళ్లకు పానగల్ మీదుగా కొల్లాపూర్ దగ్గర. ఏ దారిన వచ్చినా కొల్లాపూర్ తగలాల్సిందే. అక్కడి నుంచి సోమశిల సుమారు 10 కిలోమీటర్లు.

బస్సులో వచ్చేవాళ్లకు హైదరాబాద్ మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ నుంచి కొల్లాపూర్‌కు బస్సులున్నాయి. కొల్లాపూర్‌లో డిపో ఉంది కాబట్టి నాగర్‌కర్నూల్ నుంచి తిప్పలుండదు. 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. ఆధార్ కార్డు మాత్రం మర్చిపోవద్దు. మా వదినె ఒకసారి పులిహోర డబ్బా, పెరుగు డబ్బా, చాప, ఫ్లాస్కు అన్నీ సర్దుకొని కార్డు ఇంట్లో పెట్టి వచ్చింది. కొల్లాపూర్ దాకా టికెట్ కొనుక్కొని, దిగేదాకా ఆ పైసల గురించే మాట్లాడింది.

కొల్లాపూర్ నుంచి ఆటో. మాట్లాడుకునేటప్పుడు పోయేదానికే కాదు, వచ్చేదానికి కూడా మాట్లాడుకోండి. సాయంత్రం సోమశిలలో ఆటో దొరకడం మన అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది. డ్రైవర్ నంబరు తీసుకొని, నాలుగింటికి రమ్మనండి. నాలుగున్నరకు వస్తాడు. ఐదింటికి రమ్మంటే చీకటి పడుతుంది.

మంచినీళ్లు, ఏటీఎం, మందుల షాపు, బాత్‌రూం, ఈ నాలుగు పనులూ కొల్లాపూర్‌లోనే ముగించుకోండి. ఆడవాళ్లు, పెద్దవాళ్లు ఉన్నప్పుడు ఆ చివరిది మరీ ముఖ్యం. నీళ్లు మనిషికి రెండు లీటర్లు లెక్కేసి ఒక క్యాన్ పెట్టుకోండి. ఎదురుగా అంత నది ఉన్నా, తాగడానికి చుక్క పనికిరాదు.

టైముంటే కొల్లాపూర్‌లో రాజావారి బంగ్లా బయటినుంచైనా చూడండి. అది జటప్రోలు సంస్థానం ఏలిన సురభివారిది. ఆ జటప్రోలు ఊరి మదనగోపాలస్వామి గుడిని కూడా శ్రీశైలం ముంపు నుంచి తప్పించి, రాయి రాయి విప్పి వేరేచోట మళ్లీ కట్టారు. సోమశిల గుడి కథా అదే. పాత సోమశిల నీళ్లలో పోయింది, గుడి పైకి వచ్చింది. ఈ ముక్క ఎందుకు చెబుతున్నానో నీళ్ల దగ్గరికి వచ్చినప్పుడు తెలుస్తుంది.

నీడ పట్టుకోవడం

ఇక్కడ కాస్త ఆగుదాం. చాలామంది చెడగొట్టుకునేది ఇక్కడే. పొద్దున పదింటికి వస్తారు, నీళ్లకు దగ్గరగా కనిపించిన చెట్టు కింద చాప వేస్తారు, పన్నెండింటికి ఎండ ముఖం మీదికొస్తుంది. చాప జరుపుతారు. మళ్లీ వస్తుంది. మళ్లీ జరుపుతారు. తినేటప్పటికి సగంమంది ఎండలో, సగంమంది చెట్టు వేళ్ల మీద.

నీడకు ఒక లెక్కుంది. పొద్దున నీడ చెట్టుకు పడమర పడుతుంది, మధ్యాహ్నం దాటాక తూర్పుకు తిరుగుతుంది. డిసెంబరు, జనవరిలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి నడినెత్తి ఎండలో కూడా నీడ చెట్టుకు ఉత్తరం వైపే పడుతుంది. సోమశిలలో నది మనకు దక్షిణాన ఉంటుంది. అంటే చలికాలంలో చెట్టును మధ్యలో పెట్టుకొని ఊరివైపు కూర్చుంటే నీడలో ఉంటారు, మాను పక్కనుంచి నీళ్లు కనిపిస్తుంటాయి. నీళ్లవైపు కూర్చుంటే చెట్టు వెనకా, ఎండ ముందూ. చాప వేసేముందు చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, మధ్యాహ్నం రెండింటికి నీడ ఎక్కడుంటుందో అంచనా వేసి అక్కడ వేయండి. పదింటికి అక్కడ ఎండే ఉంటుంది, ఉండనివ్వండి. చలికాలం పొద్దుటెండ మంచిదే.

ఏ చెట్టు? వేప దొరికితే వేప. నీడ పలచగా అనిపించినా గాలి ఆడుతుంది. కానుగ నీడ చిక్కగా, చల్లగా ఉంటుంది. పొలాల్లో పనిచేసేవాళ్లు సద్దికి కూర్చునేది ఎక్కువగా దాని కిందే. చింతచెట్టు కింద మా వైపు పెద్దవాళ్లు పడుకోనివ్వరు, కారణం అడిగితే దయ్యాలంటారు. నాకైతే దయ్యాలకంటే చీమల భయం. ఏ చెట్టైనా సరే, కూర్చునేముందు పైకి చూడండి: తేనెపట్టు, ఎండిన కొమ్మ. కిందికి చూడండి: ఎర్రచీమలు, పగిలిన సీసాపెంకులు. రెండోది మనవాళ్లు వదిలిపోయినవే.

కొమ్మకు ఉయ్యాల కట్టొద్దు. నీడంటే పాలమూరులో పిల్లలమర్రి గుర్తొస్తుంది కదా. ఏడు వందల ఏళ్ల మర్రి అంటారు, మూడెకరాలు కమ్ముకొని ఉంటుంది. చిన్నప్పుడు స్కూలువాళ్లు తీసుకొనిపోతే దాని ఊడలు పట్టుకొని ఊగనివాడు మా క్లాసులో లేడు. చివరికి చెదపురుగు తినేసి కొమ్మ విరిగిపడి, 2018లో ఆ చెట్టుకు ఆస్పత్రిలో మనిషికి ఎక్కించినట్టు సెలైన్ సీసాలు వేలాడగట్టి మందు ఎక్కించారు. అంత చెట్టుకే ఆ గతి పట్టింది. నది ఒడ్డు వేపచెట్టు మన పిల్లలందరినీ మోయలేదు.

గుడి ఉన్నచోట కోతులు లేకుండా ఉండవు. సంచి జిప్పు వేసి, దాని మీద మనిషిని కూర్చోబెట్టండి. కోతి వచ్చినప్పుడు తిండి విసిరేయొద్దు, విసిరితే ఇంకో పది వస్తాయి. చేతిలో కట్టె ఉంటే చాలు, కొట్టే పనిలేదు.

ఘాట్ మెట్ల దగ్గర పుణ్యస్నానానికో, అస్థికలు కలపడానికో వచ్చిన కుటుంబాలు ఉంటాయి. వాళ్లకు కాస్త ఎడంగా కూర్చోండి. ఫోన్లో పాటలు పెద్దగా పెట్టొద్దు. ఒకరింట్లో కర్మ జరుగుతున్నప్పుడు పక్కింట్లో ఎట్లా ఉంటామో అట్లానే.

సద్ది

దీని మీద ఎవరి పట్టు వాళ్లది, నేను ఎక్కువ చెప్పను. మా ఇంటి లెక్క ఇది: జొన్నరొట్టెలు ముందురోజు రాత్రి కాకుండా తెల్లవారుజామున చేసి, పలుచని బట్టలో చుట్టి, దాని మీద ఇంకో మందపాటి బట్ట. డబ్బాలో పెడితే చెమటపట్టి మెత్తబడతాయి. నంజుకోవడానికి పుంటికూర పచ్చడి, పల్లీల పొడి, ఉల్లిగడ్డ. పులిహోర తప్పనిసరి, పొద్దున చేస్తే సాయంత్రం దాకా పాడుకాదు. పెరుగన్నం చేసేవాళ్లు అన్నంలో పాలు కలిపి కొంచెం పెరుగు వేసి తీసుకొనిపోండి, తినే వేళకు తోడుకొని కమ్మగా ఉంటుంది, పులవదు. చారు, పప్పు లాంటివి వద్దు. దారి గతుకుల్లో మూత ఊడితే ఆ రోజంతా బండి పప్పు వాసనే.

మోదుగాకు విస్తర్లు దొరికితే అవే తీసుకోండి. థర్మకోల్ ప్లేట్లు గాలికి లేచి నేరుగా నీళ్లలోకే పోతాయి, వాటి వెనక పరుగెత్తడం మన వల్ల కాదు. చిక్కని గోనెసంచి ఒకటి వేరుగా పెట్టుకోండి, చెత్తకు. ఒడ్డున మేసే బర్రెలు, మేకలు ప్లాస్టిక్ కవరును అన్నం వాసనకు అట్లే మింగేస్తాయి.

చేపలు

సోమశిలకు సగంమంది వచ్చేది చేపల కోసమే. ఒడ్డున బండ్ల మీద అప్పటికప్పుడు వేయించి ఇస్తారు. బొచ్చె, రవ్వ, జెల్ల ఎక్కువగా కనిపిస్తాయి. ఆ రోజు వల బాగా పడితే వాలుగ కూడా.

ముందే మసాలా పట్టించి వరుసగా పేర్చిన ముక్కలు కొనకండి. పచ్చి చేప చూపించమని అడగండి. మొప్ప ఎత్తి చూస్తే లోపల ఎర్రగా ఉండాలి, ఇటుకరంగులోకి తిరిగిందంటే నిన్నటిది. కన్ను ఉబ్బి మెరుస్తుండాలి. వేలితో నొక్కితే గుంట పడి వెంటనే పైకి లేవాలి. తూకం మన ముందే వేయించుకొని, ధర మాట్లాడుకొని, అప్పుడు కోయించుకోండి. కోశాక బేరం ఉండదు.

ఒక బండి దగ్గర పెద్దమ్మ ఉండేది. బాణలిలో నూనె నల్లగా కనిపించి నేను వెనకాడుతుంటే నా మొఖం చూసి నవ్వింది. "ఏం సారూ, నూనె చూస్తున్నవా? అరగంట ఆగు, ఈ వాయి దించి కొత్తది పోస్త" అంది. ఆగాను. అన్నట్టే పాత నూనె డబ్బాలోకి వంపేసి, కొత్త ప్యాకెట్ నా ముందే పంటితో కొరికి పోసింది. బొచ్చె ముక్కలకు అడ్డంగా గాట్లు పెట్టి, కారం, ఉప్పు, అల్లంవెల్లుల్లి, నిమ్మరసం, ఇంకేమీ లేదు. ముక్క వేయగానే బుడగలు పెద్దగా లేచి, మెల్లగా చిన్నవయ్యాయి. అవి సన్నగా అయ్యేదాకా తిప్పలేదు. "తొందరపడి తిప్తే తోలు బాణలికే అంటుకుంటది" అంది. అప్పటినుంచి ఇంట్లో నేనూ ఆ బుడగలనే చూస్తాను. కాబట్టి అడగడానికి మొహమాటపడొద్దు. మర్యాదగా అడిగితే ఎవరూ కోప్పడరు.

బొచ్చెలో ముళ్లు ఎక్కువ. పిల్లలకు పొట్టవైపు ముక్క ఇప్పించండి, అక్కడ పెద్ద ముళ్లు మాత్రమే ఉంటాయి, తీసిపెట్టొచ్చు.

నీళ్ల దగ్గర

ఇప్పుడు అసలు సంగతి. శ్రీశైలం నిండినప్పుడు కృష్ణ ఒడ్డున వందకు పైగా ఊళ్లు మునిగాయి. మనం చూస్తున్న నీళ్ల కింద పాత గోడలు, బావులు, నరికిన చెట్ల మొదళ్లు, పొలం గట్లు ఉన్నాయి. సముద్రం ఒడ్డులా ఇసుక మెల్లగా వాలుతూ లోతవుతుందనుకోవద్దు. మోకాలి లోతు నుంచి ఒక్క అడుగులో మెడ లోతు వస్తుంది. పైగా చేపల వలలు. కాలికి వల చుట్టుకుంటే గజ ఈతగాడికైనా కష్టమే.

అందుకని నీళ్లలో దిగాలనిపిస్తే ఘాట్ మెట్ల మీదే దిగండి. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకు లక్షలమంది స్నానం చేసిన తావు అది. అక్కడైతే కాలి కింద ఏముందో తెలుస్తుంది. మెట్లకు పాచి ఉంటుంది, చెప్పులు విడిచి, కూర్చొని, ఒక్కో మెట్టు జారుతూ దిగండి. నిలబడి దిగితే నడుము మెట్టుకు కొట్టుకుంటుంది. పిల్లల చేయి వదలొద్దు. తాగినవాళ్లను అసలు దిగనివ్వొద్దు. వాళ్లు వినరు, అయినా దిగనివ్వొద్దు.

ఇక బురద. ఇది నా సొంత అనుభవం. ఆరేడేళ్ల కింద మార్చి నెలాఖరున పోయాం. నీళ్లు వెనక్కి పోయి, మధ్యలో నేల బీటలు వారి, పలకలు పలకలుగా ఎండి కనిపించింది. రేగడి కదా, ఎండితే బండలా ఉంటుందనుకున్నాను. ఫొటో కోసం నీళ్లవైపు నడిచాను. ఇరవై అడుగులు బాగానే పోయాను. ఇరవై ఒకటో అడుగు పలకను పగలగొట్టుకొని మోకాలిదాకా దిగింది. కింద నల్లటి చల్లటి ఒండ్రు, జిగురు. రెండో కాలు ఊతం పెట్టి మొదటిది లాగబోతే రెండోదీ దిగింది. అప్పుడు తెలిసింది, లాగేకొద్దీ అది ఇంకా గట్టిగా పట్టుకుంటుందని.

దూరంగా పుట్టిని, అంటే గుండ్రటి బుట్టపడవను, తిరగేసి దానికి తారు పూస్తున్న ఒకాయన చూసి కేకేశాడు. "కదలకు సారూ! ఎనకకు ఒరుగు, కూసో!" బురదలో కూర్చోమంటాడేంటని ఒక్క క్షణం నాకు సిగ్గేసింది. కూర్చున్నాను. బరువు పరుచుకునేసరికి దిగడం ఆగింది. ఆయన తెడ్డు తీసుకొచ్చి అడ్డంగా నా ముందు పడేసి, దాని మీద మోచేతులు ఆనించి ఒక్కో కాలిని అటూఇటూ ఆడిస్తూ మెల్లగా తీయమన్నాడు. పది నిమిషాలు పట్టింది. కాళ్లు వచ్చాయి, కుడికాలి చెప్పు రాలేదు. "మీద ఎండినట్టు అవుపిస్తది, కింద అంత బురదే. మా బర్రెలు గూడ ఆడికి పోవు" అన్నాడు. గుర్తుపెట్టుకోవడానికి ఇంతకంటే మంచి సూత్రం దొరకదు: గొడ్ల కాలిగుర్తులు ఎక్కడిదాకా ఉన్నాయో అక్కడిదాకానే పోండి.

పడవ

నాటుపడవలు, మోటారు బోట్లు ఉంటాయి. పర్యాటక శాఖ సోమశిల నుంచి శ్రీశైలం దాకా లాంచీ కూడా నడుపుతుంది, నీళ్లు తగినంత ఉన్న రోజుల్లో మాత్రమే. నల్లమల గుట్టల మధ్యగా పోయే ఆ ప్రయాణం దాదాపు రోజంతా పడుతుంది. దానికి వేరే ప్లాను వేసుకోవాలి, ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి.

ఓ అరగంట అటు తిరిగి రావడానికైతే ఎక్కేముందు మూడు చూడండి. ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ ఉందా, పడవలో ఎంతమంది ఎక్కారు, ఆకాశం ఎట్లా ఉంది. జాకెట్ పడవలో ఉంటే సరిపోదు, ఒంటి మీద ఉండాలి, బెల్టు బిగించి ఉండాలి. 2007లో ఇక్కడికి దగ్గర్లోనే మంచాలకట్ట కాడ అవతలి ఒడ్డుకు పోతున్న పడవ మునిగి పదుల సంఖ్యలో జనం పోయారు. కొల్లాపూర్ చుట్టుపక్కల ఊళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ మాట వస్తే గొంతు తగ్గిస్తారు. "ఇంకో ఇద్దరేగా, ఎక్కండి" అని పడవవాడు అన్నప్పుడు దిగిపోవడంలో నామోషీ ఏమీ లేదు.

మధ్యాహ్నం దాటాక ఈ నీళ్ల మీద గాలి లేస్తుంది. పడవ పని పదకొండు లోపు పెట్టుకోండి, అన్నం తర్వాత కాదు.

తిరుగు ప్రయాణం

నాలుగు దాటాక వెలుతురు బాగుంటుంది, ఫొటోలకు అదే సమయం. నీళ్ల మీద పొద్దు పడమటికి జారుతూ గుట్టల నీడ మెల్లగా మనవైపు వస్తుంటే లేవాలనిపించదు. అయినా ఐదుకల్లా లేవండి. కొల్లాపూర్ దాకా దారిలో చీకటి పడితే గొడ్లు, వడ్లు ఆరబోసిన కుప్పలు, లైటు లేని ట్రాక్టర్లు అన్నీ రోడ్డు మీదే ఉంటాయి.

మధ్యలో కనిపించే పెద్ద కాలువను చూసి పిల్లలు ఇదేం నది అని అడుగుతారు. మనం పొద్దంతా చూసిన నీళ్లే అని చెప్పండి. ఎల్లూరు దగ్గర మోటార్లతో ఎత్తి, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు దగ్గర మళ్లీ ఎత్తి పొలాలకు పంపే కల్వకుర్తి లిఫ్టు నీళ్లు అవి.

ఏప్రిల్ చివర నుంచి మే నెలలో పోయినవాళ్లు కొల్లాపూర్‌లో మామిడి కొనకుండా రావొద్దు. బేనిషాన్ కాయలు. తొడిమ దగ్గర వాసన చూసి కొనండి. పచ్చరంగు తగ్గలేదని వదిలేయొద్దు, గడ్డిలో మగ్గబెడితే నాలుగు రోజుల్లో తిరుగుతాయి.

పచ్చి చేప ఇంటికి తీసుకొనిపోవాలనుకుంటే బయలుదేరే ముందు కొనండి, పొద్దున కాదు. పొట్ట తీయించి, కడగకుండా, ఐస్ అడుగున కొంత, పైన కొంత వేసి థర్మకోల్ డబ్బాలో సర్దాలి. డబ్బా అడుగున సన్నటి రంధ్రం ఒకటి చేసి, కింద పాత బకెట్ పెట్టండి. కరిగిన నీళ్లు అందులోకి పోతాయి, చేప నీళ్లలో నానకుండా ఉంటుంది. ఆ బకెట్ నేను ఒకసారి మర్చిపోయాను. కారు డిక్కీలోంచి ఆ వాసన పోవడానికి దసరా వచ్చింది.